ఆలు లేదు, చూలు లేదు, జీఎస్టీ నంబరు సోమలింగం

ఉద్యోగం పోయింది. లేదా అసలు రాలేదు. లేదా మేనేజరు మొహం చూడలేక తనే మానేశాడు. కారణం ఏదైతేనేం, ఒక కుర్రాడు అమీర్‌పేట హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. 'ఈ రోజు నుంచి నేను ఫ్రీలాన్సర్ని' అని ప్రకటించాడు. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు చేస్తాడట. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడట. ఇంకా మొదటి బిల్లు రాయలేదు. మొదటి క్లయింటు ఎవరో వాడికే తెలియదు. అప్పుడే నలుగురూ చుట్టూ చేరారు.

"ముందు జీఎస్టీ తీసుకోరా!"

ఎవరా నలుగురు? రీల్స్‌లో కోటు వేసుకుని అరవై సెకన్లలో ఆర్థికశాస్త్రం మొత్తం చెప్పేసే మేధావి ఒకరు. 'రిజిస్ట్రేషన్ ఫ్రీ' అని బోర్డు పెట్టిన కన్సల్టెంటు ఇంకొకరు. రిజిస్ట్రేషన్ ఎలాగూ ఫ్రీయే. ప్రభుత్వం దానికి ఫీజు తీసుకోదు. కన్సల్టెంటు బతికేది ఆ తర్వాత నెలనెలా వేసే రిటర్నుల మీద. ఆ ముక్క బోర్డు మీద ఉండదు. మూడోవాడు పెద్ద కంపెనీ అకౌంట్స్ సెక్షనాయన. నాలుగోవాడు బాబాయి. ఆయనకు ఏమీ తెలియదు, కానీ గొంతు పెద్దది.

చట్టప్రకారం అక్కర్లేదు కదా అంటే ఏమంటారు? "అక్కర్లేదనుకో, కానీ స్వచ్ఛందంగా తీసుకుంటే మంచిది."

స్వచ్ఛందంగా! ఈ దేశంలో ఏవేవి స్వచ్ఛందంగా జరుగుతాయో మీకు తెలియనిదా? మంత్రిగారు వస్తే బడిపిల్లలు స్వచ్ఛందంగా ఎండలో నిలబడతారు. ఉద్యోగులు స్వచ్ఛందంగా ఒకరోజు జీతం విరాళం ఇస్తారు, ఆ సంగతి వాళ్లకు జీతం చీటీ చూసుకున్నాక తెలుస్తుంది. ఆ వరసలోకి ఇప్పుడు మన హాస్టల్ కుర్రాణ్ని తోస్తున్నారు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. చట్టం, పాపం, ఈ ఒక్క విషయంలో మంచిదే. సేవలు అమ్ముకునేవాడి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈశాన్యంలో నాలుగు రాష్ట్రాల్లో ఆ గీత 10 లక్షలు. మన రెండు రాష్ట్రాల్లో 20 లక్షలే. సరుకులు అమ్మేవాళ్లకు 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్ పెంచింది. తెలంగాణ మాత్రం 20 దగ్గరే ఆగిపోయింది. నందిగామ కొట్టువాడికి 40, కోదాడ కొట్టువాడికి 20. మధ్యలో ఒక చెక్‌పోస్టు. ఒకే దేశం, ఒకే పన్ను అన్నారు కదా, నోరు మూసుకోండి.

హైదరాబాద్‌లో కూర్చుని బెంగళూరు క్లయింటుకు పనిచేస్తే? అంతర్రాష్ట్ర సరఫరా కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదని ఇప్పటికీ ఎంతోమంది భయపెడతారు. ఆ భయానికి పుట్టిన తేదీ ఉంది, చచ్చిన తేదీ కూడా ఉంది. 2017 జులై 1న పుట్టింది. 2017 అక్టోబర్ 13న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి చంపేసింది. సేవలు అందించేవాడు 20 లక్షల లోపుంటే రాష్ట్రం దాటినా, దేశం దాటినా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సరిగ్గా అదే తేదీన ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. రిజిస్టర్ కాని వాడి దగ్గర కంపెనీ ఏదైనా కొంటే ఆ పన్ను కంపెనీయే కట్టాలన్న నిబంధనను దాంతో ఆపేశారు. ఆ నిబంధన తర్వాత బిల్డర్లలాంటి కొందరికే మిగిలింది. మొత్తం కలిపి మూడున్నర నెలలు బతికిన రూలు. ఏళ్లు గడిచాయి. మన అకౌంట్స్ సెక్షన్లలో మాత్రం ఆ రూలుకు రోజూ దీపారాధన జరుగుతోంది.

కావాలంటే వినండి. మన కుర్రాడిలాంటిదే ఒక పిల్ల, ఓ పెద్ద కంపెనీకి నాలుగు లోగోలు చేసింది. నలబై వేలు రావాలి. వెండర్ కోడ్ కోసం ఫారం నింపింది. జీఎస్టీ నంబరు గడి పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు.

"సార్, నాకు జీఎస్టీ లేదండీ. నా టర్నోవరు 20 లక్షల లోపే."

"జీఎస్టీ లేకపోతే సిస్టం తీసుకోదమ్మా."

"చట్టం అడగదు కదండీ?"

"చట్టం అడగదేమో. సిస్టం అడుగుతుంది."

ఇక్కడ చట్టసభ ఎక్కడుందో అర్థమైందా? పార్లమెంటు ఇచ్చిన మినహాయింపును ఒక ప్రైవేటు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని ఎర్ర చుక్క రద్దు చేసేసింది. అసలు కంపెనీకి నష్టమేంటి? ఏమీ లేదు. పిల్ల బిల్లులో పన్ను వేయదు. అమ్మినవాడు వేసిన పన్నును కొన్నవాడు తన పన్నులోంచి తగ్గించుకోవడమే క్రెడిట్, వేయని పన్నుకు దాని ప్రసక్తే రాదు. నలబై వేల పని నలబై వేలకే వస్తుంది. నంబరు ఉంటే ముందు నలబై ఏడు వేల రెండు వందలు ఇవ్వాలి, తర్వాత ఆ ఏడు వేల రెండు వందలు క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవాలి. ఆ క్రెడిట్ కూడా ఊరికే రాదు. పిల్ల రిటర్ను వేయాలి, పన్ను కట్టాలి, ఆ బిల్లు వీళ్ల పోర్టల్‌లో కనపడాలి. అంటే నంబరు లేని పిల్లతోనే కంపెనీకి పని తేలిక. అయినా నంబరు కావాల్సిందే. ఎందుకు? ఆ గడిలో 'వర్తించదు' అని రాసుకునే వీలు పెట్టడానికి తమ సొంత ఐటీ టీముకు ఒక మెయిల్ పెట్టాలి. అంత శ్రమ ఎవరు పడతారు? నలబై వేల కోసం వచ్చిన పిల్ల ఏడాదికి పన్నెండు నెలలు రిటర్నులు వేసుకోవచ్చు కానీ, వేల కోట్ల కంపెనీ ఒక మెయిల్ పెట్టలేదు!

"నంబరు ఉంటే ప్రొఫెషనల్‌గా కనిపిస్తావు" అంటాడు కోటు మేధావి. పదిహేను అక్షరాల హోదా అది. మొదటి రెండూ రాష్ట్రం కోడు. తెలంగాణకు 36, ఆంధ్రకు 37. తర్వాతి పదీ మీ పాన్ నంబరే, పొల్లు పోకుండా. అంటే బిల్లు తీసుకున్న ప్రతివాడికీ మీ పాన్ అచ్చేసి చేతిలో పెడుతున్నారన్నమాట. దీనికి ప్రొఫెషనలిజం అని పేరు.

రెండో ఎర ఇంకా తియ్యగా ఉంటుంది. "ల్యాప్‌టాప్ మీద కట్టిన జీఎస్టీ వెనక్కొస్తుంది!" వస్తుందా? యాభై వేల ల్యాప్‌టాప్ కొన్నాడనుకుందాం. మీద తొమ్మిది వేలు పన్ను. మనవాడు ముందు ల్యాప్‌టాప్ కొంటాడు, అందరూ అదే చేస్తారు. తర్వాత పని వెతుక్కుంటాడు. ఆ తర్వాత నంబరు తీసుకుంటాడు. స్వచ్ఛందంగా రిజిస్టర్ అయినవాడికి, అంతకుముందు కొని ఉంచుకున్న ముడిసరుకు నిల్వ మీద క్రెడిట్ ఇస్తామంది చట్టం. ల్యాప్‌టాప్ లాంటి మూలధన వస్తువుల ఊసు అందులో లేదు. థంబ్‌నెయిళ్లు చేసేవాడికి ముడిసరుకు నిల్వ ఏముంటుంది? హీరోల ఫొటోలా? బుర్రలో ఐడియాలా? వాటికి బిల్లులేవీ?

సరే, తెలివైనవాడు. ముందే నంబరు తీసుకుని తర్వాత ల్యాప్‌టాప్ కొన్నాడు. తొమ్మిది వేలు క్రెడిట్ వచ్చింది. ఇంటర్నెట్ బిల్లు వెయ్యి, దాని మీద 180. ఏడాదికి 2,160. మొత్తం 11,160. రిటర్నులు వేసిపెట్టినందుకు ఆడిటరు గారు నెలకు వెయ్యి తీసుకుంటారనుకుందాం, ఏడాదికి 12,000. మిగిలింది మైనస్ 840. ఇదీ ఆదా! రెండో ఏడు కొత్త ల్యాప్‌టాప్ కొనడు కాబట్టి క్రెడిట్ 2,160 దగ్గర ఆగిపోతుంది. ఆడిటరు గారి ఫీజు ఆగుతుందా?

విసిగిపోయి ఏడాదికే రిజిస్ట్రేషన్ రద్దు చేసుకున్నాడనుకోండి. అప్పుడు అసలు తమాషా. ల్యాప్‌టాప్ ఆయుష్షు అయిదేళ్లని రూలు. అందులో ఒక్క ఏడే అయింది కాబట్టి, మిగతా నాలుగేళ్ల వాటా క్రెడిట్ తిరిగి కట్టెయ్యాలి. తొమ్మిది వేలలో కనీసం 7,200 రూపాయలు. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడం ఇదే. ఆపైన రద్దయిన మూడు నెలల్లో ఆఖరి రిటర్ను ఒకటి వేయాలి. లోపలికి రావడానికి మాత్రం ఎర్ర తివాచీ. నెలకు రెండున్నర లక్షలకు మించి పన్ను బాధ్యత ఉండదని చెప్పుకునే చిన్నవాళ్లకు మూడు పనిదినాల్లో రిజిస్ట్రేషన్ ఇచ్చే పథకం 2025 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మరి బయటపడేవాడికో? వాడికి తివాచీ వేసిందెవరు?

పెళ్లి వీడియోలవాడి సంగతి ఇంకా ఘోరం. వాడి క్లయింటు కంపెనీ కాదు, పెళ్లికూతురి తండ్రి. ఆయనకు క్రెడిట్టూ లేదు, డెబిట్టూ లేదు. లక్ష రూపాయలకు మాట్లాడుకున్న పనికి లక్షా పద్దెనిమిది వేల బిల్లిస్తే ఆయన ఏమంటాడు? "బాబూ, పక్కవీధి కుర్రాడు లక్షకే చేస్తానన్నాడు" అంటాడు. స్వచ్ఛందంగా నంబరు తీసుకున్న మరుక్షణం 20 లక్షల మినహాయింపు మాయమవుతుంది. మొదటి రూపాయి నుంచే 18 శాతం. చేతికొచ్చిన లక్షలోంచే పన్ను తీసి కడితే 15,254 రూపాయలు గోవిందా. 'పోనీ కాంపొజిషన్ స్కీములోకి వెళ్లు, 6 శాతమే' అంటారు. అందులో పన్ను క్లయింటు దగ్గర వసూలు చేయకూడదు, సొంత జేబులోంచి కట్టాలి. క్రెడిట్ లేదు. రాష్ట్రం దాటి అమ్మకూడదు. విజయవాడవాడు హైదరాబాద్ పెళ్లి ఒప్పుకునేముందు రూలుబుక్కు చూసుకోవాలి.

పన్ను కట్టడానికి మనవాడికి అభ్యంతరం లేదు. వచ్చిన డబ్బులోంచి కడతాడు. కానీ రాని డబ్బులోంచి ఎలా కట్టడం? కంపెనీకి జులై 10న లక్ష రూపాయల బిల్లు పంపాడు, మీద 18,000 పన్ను. నెలనెలా రిటర్ను వేసేవాడైతే ఆగస్టు 20కల్లా ఆ 18,000 సర్కారుకు కట్టాలి. కంపెనీ కట్టిందా లేదా అని సర్కారు అడగదు. కంపెనీవాళ్లు ఏమంటారు? "ప్రాసెస్‌లో ఉంది." సెప్టెంబర్‌లో? "అప్రూవల్‌లో ఉంది." అక్టోబర్‌లో? "ఆ మేడమ్ లీవులో ఉన్నారు." దసరా దాటింది. దీపావళి దాటింది. పద్దెనిమిది వేలు మాత్రం ఆగస్టులోనే గుంటూరు నుంచి అమ్మ పంపిన డబ్బుతో ఢిల్లీ చేరింది. కోట్ల టర్నోవరున్న కంపెనీ తరఫున హాస్టల్ కుర్రాడి తల్లి ప్రభుత్వానికి అడ్వాన్సు కట్టింది!

కట్టలేకపోతే? ఏడాదికి 18 శాతం వడ్డీ, రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు. ఇప్పుడిటు చూడండి. ప్రభుత్వమే మీకు రీఫండ్ బాకీ పడి, అరవై రోజులు దాటినా ఇవ్వకపోతే? 6 శాతం. మీరు ఆలస్యం చేస్తే 18, ఆయన ఆలస్యం చేస్తే 6. మీది నేరం, ఆయనది పరిపాలన. వడ్డీ వ్యాపారం చేసే కాల్‌మనీ గాళ్లను పోలీసులు పట్టుకుంటారు. ఈ మూడింతల తేడాను ఎవరు పట్టుకోవాలి?

చిన్నవాళ్లకు 45 రోజుల్లో డబ్బివ్వాలని 2006 నుంచే చట్టం ఉంది కదా అంటారా? ఉంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ ఇవ్వాలనీ ఉంది. అలా ఇవ్వని కంపెనీ ఆ ఖర్చును డబ్బిచ్చేదాకా పన్ను లెక్కల్లో చూపించుకోకూడదని 2023 బడ్జెట్‌లో మెలిక కూడా పెట్టారు. ఫిర్యాదు చేసుకోవడానికి పోర్టల్ ఉంది. అన్నీ ఉన్నాయి. ఫిర్యాదు పెట్టిన మర్నాడు ఆ క్లయింటు ఉంటాడా? లోగోల పిల్ల వేల కోట్ల కంపెనీ మీద కేసు వేసి, ఆ తర్వాత ఎవరి దగ్గర పనికెళ్లాలి? సర్కారు తన 18 శాతం కోసం ఆటోమేటిగ్గా నోటీసు పంపే యంత్రం పెట్టుకుంది. పిల్లకు రావాల్సిన నలబై వేల కోసం ఏ యంత్రం పెట్టింది?

ఒక నెల పనే దొరకలేదు. సంపాదన సున్నా. అప్పుడైనా వదిలేస్తారా? 'నేనేమీ సంపాదించలేదు' అని కూడా గడువులోగా రాసివ్వాలి. దానికి 14409 నంబరుకు ఎస్సెమ్మెస్ పంపినా సరిపోతుందని 2020లో దయతలిచారు. మరిచిపోతే రోజుకు 20 రూపాయలు, రిటర్నుకు గరిష్ఠంగా 500. ఏడాదంతా ఖాళీగా కూర్చుని, నెలవారీ పద్ధతిలో ఒక్క రిటర్నూ వేయకపోతే 6,000 దాకా పోతుంది. ఏమీ సంపాదించనందుకు ఆరు వేలు. నిరుద్యోగ భృతి గురించి విన్నాం. నిరుద్యోగ రుసుము ఇదే!

ఇక రిజిస్ట్రేషన్ ప్రహసనం. కుర్రాడికి చిరునామా రుజువు ఇవ్వడం కుదరదని హాస్టల్‌వాడు అన్నాడు. లోగోల పిల్ల తన అద్దె ఇంటి ఓనరు దగ్గరికెళ్లింది.

"అంకుల్, మీ కరెంటు బిల్లు కాపీ కావాలండీ. అద్దె అగ్రిమెంటు మీద సంతకం కూడా."

"ఎందుకమ్మా? మా ఇంట్లో కంపెనీ పెడుతున్నావా? రేపొచ్చి కమర్షియల్ మీటరు పెడితే ఎవరు కడతారు?"

ఓనరును తప్పు పట్టలేం. ఆయన భయం ఆయనది. ఎలాగో బతిమాలి పట్టుకెళితే ఆఫీసు అడిగిన మొదటి ప్రశ్న: ఓనరు ఆధార్ ఏది? పాన్ ఏది? ఓనరు ఇంటి ముందు నిలబడ్డ ఫొటో ఏది? ఇదేదో నేను వెటకారానికి రాస్తున్నానని అనుకోకండి. 2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తన అధికారులకే ఒక ఆదేశం ఇచ్చింది. ఓనరు పాన్, ఆధార్, ఇంటి లోపలా బయటా ఫొటోలు అడగవద్దని. ఉండే ఊరు వేరు, వ్యాపారం ఊరు వేరు ఎందుకైంది లాంటి ఊహాజనిత ప్రశ్నలు వేయవద్దని. 2017లో మొదలైన పన్నుకు 2025లో 'ఇలాంటివి అడగకండ్రా బాబూ' అని చెప్పాల్సి వచ్చిందంటే, మధ్యలో ఎనిమిదేళ్లు ఏం అడిగారన్నమాట? మరోపక్క బోగస్ రిజిస్ట్రేషన్లు ఏరడానికి 2023లో ఒకసారి, 2024లో మరోసారి దేశమంతా ప్రత్యేక డ్రైవులు పెట్టారు. లేని కంపెనీలకు నంబర్లు దొరికాయి. ఉన్న పిల్లకు ఓనరు ఫొటో కావాలి.

నంబరు వచ్చాక ఊరుకుంటే సరిపోదు. రూలు 18 చదవండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు వ్యాపార స్థలంలో అందరికీ కనపడేలా తగిలించాలి. గుమ్మం దగ్గరి నేమ్‌బోర్డు మీద జీఎస్టీ నంబరు రాయాలి. పిల్ల వ్యాపార స్థలం ఏది? మంచం. గుమ్మం ఎవరిది? ఓనరుది. మామిడి తోరణం కింద పదిహేను అక్షరాల బోర్డు వేలాడదీస్తానంటే ఆ అంకుల్ ఊరుకుంటాడా, సామాను బయట పెడతాడా?

అన్యాయం జరిగితే అప్పీలు చేసుకోవచ్చు కదా? చేసుకోవచ్చు. జీఎస్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్ పెడతామని 2017 చట్టంలోనే రాశారు. పార్లమెంటు సెంట్రల్ హాల్లో అర్ధరాత్రి బటన్ నొక్కి, 'గుడ్ అండ్ సింపుల్ ట్యాక్స్' అని ప్రధాని పేరుపెట్టిన పన్ను అది. ఆ ట్రిబ్యునల్‌ను ఆర్థికమంత్రి ప్రారంభించిన తేదీ 2025 సెప్టెంబర్ 24. వసూలు మొదలైన ఎనిమిదేళ్లకు మొర వినే చోటు దొరికింది. మన పిల్ల రిటర్ను ఎనిమిది రోజులు ఆలస్యమైతే ఏమవుతుందో పైన చూశారుగా?

నేను నంబరే వద్దంటున్నానా? కాదు. క్లయింట్లందరూ రిజిస్టరైన కంపెనీలే, ఖర్చుల మీద పన్ను బాగా పడుతోంది, డబ్బు నెలకల్లా వచ్చేస్తోంది, ఇంకో రెండు మూడు నెలల్లో 20 లక్షలు దాటేలా ఉంది అంటే శుభ్రంగా తీసుకోండి. దాటినా ముప్పై రోజుల గడువుంది, కంగారేమీ లేదు. విదేశీ క్లయింట్లున్నవాళ్లకు పన్ను సున్నాయే, కానీ ఏటేటా ఎల్‌యూటీ అనే హామీపత్రం ఒకటి దాఖలు చేసుకోవాలి. 20 లక్షల లెక్కలో ఆ డాలర్లు కూడా కలుస్తాయి, అది మరిచిపోయి బుక్కైనవాళ్లున్నారు. నంబరు లేకుండా బిల్లులో 18 శాతం మాత్రం వేయకండి, అది నేరం. వ్యాపారానికో బ్యాంకు ఖాతా విడిగా పెట్టుకోండి. 2025 జులైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ జమలు చూసి నాలుగేళ్ల వెనకటి లెక్కలకు నోటీసులు పంపారు. కూరగాయల కొట్టువాడికీ వెళ్లింది. కూరగాయల మీద అసలు పన్నే లేదు. డిజిటల్ ఇండియా అని పదేళ్లు చప్పట్లు కొట్టించి, క్యూఆర్ కోడ్ అంటించుకున్నవాణ్నే ముందు పట్టుకున్నారు. వాళ్లు 'నో యూపీఐ, ఓన్లీ క్యాష్' బోర్డులు పెట్టాక ముఖ్యమంత్రి దిగొచ్చి పాత బాకీలు వసూలు చేయబోమన్నారు. అందుకే, అమ్మ పంపిన డబ్బూ రూమ్మేటు ఇచ్చిన అద్దె వాటా కూడా ఎవరో ఒక రోజు మీ టర్నోవరు అనగలరు. విడి ఖాతా ఉంటే వాదించుకోవచ్చు. ఇంతే. దీనికి కోటు మేధావి అక్కర్లేదు.

చిన్నవాడి వైపే ఇంత భూతద్దం ఎందుకు? పెద్దవాళ్ల సంగతి చూద్దామా? ఒక్కో వాయిదాకు లక్షలు తీసుకునే సీనియర్ లాయరు గారున్నారు. ఆయన జీఎస్టీ నంబరు ఎంత? ఆయనకు అక్కర్లేదు. లాయర్ల ఫీజు మీద పన్ను కట్టాల్సింది కక్షిదారైన కంపెనీ. ఆ పనే చేసుకునే లాయరు గారు కోట్లు దాటినా రిజిస్టర్ కానక్కర్లేదని నోటిఫికేషన్ ఉంది. 'మీ పన్ను మేమే కట్టుకుంటాం, మీరు శ్రమపడకండి' అని కంపెనీలు ఆయన దగ్గర వినయంగా తలవంచుతాయి. అక్కడ ఏ సిస్టమూ ఏ ఎర్ర చుక్కా అడ్డం రాదు. నాలుగు లోగోల పిల్ల దగ్గరే సిస్టానికి ప్రాణం లేచొస్తుంది.

ఎమ్మెల్యే గారి మాటేమిటి? అయిదేళ్లూ 'ప్రజాసేవ' చేస్తున్నారు కదా, సేవల పన్ను పడాలి కదా? జీఎస్టీ చట్టంలో మూడో షెడ్యూలు తెరవండి. ఎంపీలు, ఎమ్మెల్యేలు, పంచాయతీ సభ్యులు చేసే విధులు సరుకూ కాదు, సేవా కాదు అని స్పష్టంగా రాసుంది. చట్టం చేసినవాళ్లే చట్టంలో నిజం ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది. ఆ పక్క అంశమేంటో తెలుసా? అంత్యక్రియలు, శ్మశానం, శవాన్ని తరలించడం. ఎవరు పక్కపక్కన పెట్టారో గానీ, చెయ్యి తిరిగిన మనిషే.

అన్నిటికంటే పెద్ద ఎగవేతదారు ఇంకొకరున్నారు. పెట్రోలు. డీజిలు. మద్యం. ఈ మూడూ జీఎస్టీలో లేవు. పెట్రోలును ఎప్పుడు కలపాలో జీఎస్టీ మండలి చెప్పాలని రాజ్యాంగ సవరణలో రాసుకున్నారు. 2017 నుంచి మండలి ఎన్నిసార్లు కూర్చుంది! పెట్రోలు వంతు రాదు. ఎందుకొస్తుంది? తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం. ఆంధ్రలో 31 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు రూపాయి. జీఎస్టీలోకి వస్తే ఇది పోతుంది. అందుకని 'మా ఆదాయం పడిపోతుంది, లెక్కలు తేలాలి, ఆలోచిస్తాం' అంటారు. అవునా? సరిగ్గా మన కుర్రాడు అంటున్నదీ అదే కదా! ఆదాయం పడిపోతుంది, లెక్కలు తేలాలి, ఆలోచిస్తాను అంటున్నాడు. వాడంటే బాధ్యత లేనివాడు. మీరంటే ఆర్థిక క్రమశిక్షణ.

మద్యం కథ ఇంకా పాతది. మన ప్రాంతానికి అమ్మకపు పన్ను ఎలా వచ్చిందనుకున్నారు? 1937లో మద్రాసు ప్రధానమంత్రి రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. తర్వాత చిత్తూరు, కడప జిల్లాలకూ తెచ్చారు. కల్లు, సారా ఆదాయం పోయింది. ఆ గండి పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను వేశారు. తాగుడు మాన్పించినందుకు పన్ను, సబబే. తర్వాతేమైంది? తాగుడు తిరిగొచ్చింది. పన్ను మాత్రం పోలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు చీపుళ్లు పట్టి సారా మీద పోరాడితే 1995లో ఎన్టీఆర్ నిషేధం పెట్టారు, 1997లో ఆయన తర్వాతి ప్రభుత్వం ఎత్తేసింది. 2019లో ఆంధ్రలో దశలవారీ నిషేధమన్నారు. 2022లో ఏ దశలో ఉన్నాం? మద్యం ఆదాయాన్ని చూపించి బాండ్లు అమ్మి అప్పు తెచ్చే దశలో. ఇన్ని ప్రభుత్వాలు మారాయి, ఏ ఒక్కటీ బ్రాందీ సీసాను స్వచ్ఛందంగా జీఎస్టీలో చేర్పిద్దామని అనలేదే!

కాబట్టి అయ్యా మంత్రులూ, అమ్మా మంత్రులూ, మండలిలో కూర్చునే పెద్దలూ! స్వచ్ఛంద నమోదు అంత మంచిదైతే మొదటి దరఖాస్తు మీరే పెట్టండి. ఫారం పేరు జీఎస్టీ రెగ్-01. వ్యాపారం గడిలో 'పెట్రోలు, డీజిలు, మద్యం' అని రాయండి. టర్నోవరు గడి సరిపోకపోతే అదనపు కాగితం జతచేయండి. ఆధార్ ఓటీపీ వస్తుంది, పక్కనున్న పీయేకు చెప్పొద్దు. సచివాలయం అద్దె భవనమైతే ఓనరు గారి కరెంటు బిల్లు కాపీ మరవకండి. ఫొటో అడిగితే మాత్రం ఇవ్వనక్కర్లేదు. 2025 ఏప్రిల్ 17 ఆదేశం ఉంది, చూపించండి.